కుడి మేకున వేలాడిన ఫిలోమినా

ఫిలోమినాకు సైకిలు వచ్చిన సంగతి, ఆమె సైకిలుతో ఇల్లు చేరకముందే ఊరిగాం అంతా చేరిపోయింది.

బెంగళూరులో ఆమె పనిచేసే బట్టల ఫ్యాక్టరీవాళ్ళు వార్షికోత్సవానికి చీట్లు తీసి, టీవీ ఒకరికి, మిక్సీ ఒకరికి, గేర్ల సైకిలు ఫిలోమినాకు ఇచ్చారు. చీటీ తీసిన మేనేజరు ఆమెను తలనుంచి చెప్పులదాకా చూసి, "మిక్సీతో మార్చిద్దామా మేడం?" అని దయగా అడిగాడు. యాభై దాటిన మనిషి, కాస్త బొద్దు, కళ్ళజోడు, చేతిలో టిఫిన్ క్యారియరు. అతని తప్పేం లేదు. కానీ ఫిలోమినా, "మిక్సీకి గేర్లు ఎన్ని?" అని అడిగి సైకిలు హ్యాండిలు పట్టేసుకుంది.

సాయంత్రం మారికుప్పం రైల్లో ఆ హ్యాండిలు గుచ్చుకోని పొట్ట లేదు. పెట్టె అంతటికీ సారీ చెప్పుకుంటూ ఆమె బంగారపేట దాటేలోగా ఎవరో ఇంటికి ఫోను కొట్టేశారు. ఊరిగాం స్టేషన్లో దిగేసరికి ప్లాట్‌ఫారం మీద గాడ్విన్ చేతిలో తాడుతో సిద్ధంగా ఉన్నాడు. గాడ్విన్ అంటే ఆమె అన్న ఏసురత్నం కూతురి మొగుడు. సొంత టాక్సీ నడుపుతాడు.

"ఎందుకత్తా ఇంత కష్టపడి నాకోసరం మోసుకొచ్చినావు? ఫోన్ చేసింటే బెంగళూరికే వచ్చేవాణ్ణి కదా!" అంటూ సైకిలును టాక్సీ మీదికి ఎత్తబోయాడు.

"నీకోసరమని ఎవరు చెప్పినారప్పా?"

"మామ చెప్పినాడు."

రాత్రి భోజనాల దగ్గర పంచాయతీ జరిగింది. ఏసురత్నం గనిలో పనిచేసినవాడు. భార్య పోయింది. చెల్లెలు పెళ్ళి చేసుకోలేదు. కంపెనీ కట్టిన పాత క్వార్టర్సులో అన్నాచెల్లెళ్ళు ఇద్దరే ఉంటారు. ఇంటి సైకిలు ఇంటి అల్లుడికి పోవడం ఆయనకు ఎంత సహజంగా కనిపించిందంటే, చెల్లెల్ని అడగాలన్న ఆలోచనే రాలేదు.

"ఇది మౌంటెన్ బైకు అత్తా," అన్నాడు గాడ్విన్, చేపముల్లు తీస్తూ. "కొండల్లో, అడవిలో తొక్కేది. నువ్వు దీన్నెక్కి చర్చికీ స్టేషన్‌కీ పోతే దానికే నామోషీ."

"అట్లయితే అడవిలోనే తొక్కుతాను."

గాడ్విన్ నవ్వాడు. ఏసురత్నం నవ్వలేదు. యాభై ఏళ్ళుగా ఆ గొంతు ఆయనకు తెలుసు.

"మే, ఫిలో! ఈ వయసులో పడితే ఎముక అతుక్కోదు. ఎవురు తోలుకొచ్చేది నిన్ను ఆ అడవిలోనించి?"

"ఎవురూ తోలుకురావద్దు. నేనే పోతాను, నేనే వస్తాను. ఎవురైనా వచ్చి నన్ను తోలుకురావాల్సి వస్తే, సైకిలు గాడ్విన్‌కి ఇచ్చేస్తాను. నా కాళ్ళతో నేను ఇంటికొస్తే ఇంగ దాన్ని గురించి ఎవురూ నోరెత్తకూడదు. సరేనా?"

"సరే," అన్నాడు గాడ్విన్, మామ నోరు తెరవకముందే. ఆ రాత్రికి అతను సైకిలుకు స్టాండు ఏ రంగుది వేయించాలో కూడా నిర్ణయించుకున్నాడు.

ఫిలోమినాకు సైకిలు కొత్త కాదు. చిన్నప్పుడు నాన్న సైకిలుకు కడ్డీ కింద కాలు దూర్చి సైనైడ్ దిబ్బల పక్కన తొక్కింది. బంగారం తీసేశాక మిగిలిన బూడిదరంగు పిండి కొండల్లా పేరుకున్న దిబ్బలవి. వానపడి ఎండితే వాటి అడుగు నేల సిమెంటులా గట్టిపడుతుంది. ఆ నేలమీద ఆమెను పట్టుకోగల పిల్ల ఊరిగాంలో లేదు. పద్నాలుగో ఏట ఎవరో చర్చి పెద్ద, ఆడపిల్ల పావడా గాలికి లేస్తోందని ఫిర్యాదు చేశాడు. ఏసురత్నం సైకిలుకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అంతే, నలభై ఏళ్ళు.

గనులు మూసేసినప్పుడు మాత్రం సంగతి వేరు. ఏసురత్నం ఏడాదిపాటు గడపలో కూర్చుని, గేటు మళ్ళీ తెరుస్తారేమోనని చూశాడు. చీకటితో లేచి రైలెక్కింది ఫిలోమినా. చొక్కాలకు కాజాలు కుట్టడంతో మొదలుపెట్టి సూపర్‌వైజరు అయింది. ఆ మూసివేతల సంవత్సరంలో, ఆడమనిషి తెల్లారకముందు ఒంటరిగా పోవచ్చా, పడిపోతే ఎవరు తోలుకొస్తారు అని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. రైలుకు లేని భయం సైకిలుకు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కాకపోగా ఒళ్ళు మండింది.

ప్లాను రైల్లో పుట్టింది. ఆమె ఎదుటి సీటు వత్సలది. ఏళ్ళ తరబడి అదే సీటు. వత్సల బెంగళూరులో ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా, బడిపంతులు సుధీంద్ర భార్య, హాస్టల్లో చదివే శ్రీరక్ష తల్లి. శ్రీరక్ష వదిలి వెళ్ళిన గేర్ల సైకిలు వాళ్ళింట్లో బట్టలారేసుకోవడానికి ఉపయోగపడుతోంది.

"వత్సలా, నాకు జోడీ కావాల. ఒంటిగా దిగకూడదని మా నాయన రూలు. గనికైనా, అడవికైనా."

"నేనా! అక్కా, నేను ఫ్లయ్‌ఓవర్ ఎక్కితేనే ఆయాసపడేదాన్ని."

"అందుకే. నువ్వు ముందుంటే నేను నిదానంగా తొక్కినట్ల కనబడదు."

వత్సల ఆ మాటను స్టేషన్ దాటేదాకా నమిలి, చివరికి నవ్వేసింది. ఒప్పుకున్నట్టే.

ఏ అడవి అన్నది తర్వాతి ప్రశ్న. దానికి జవాబు చిక్కవెంకటప్ప దగ్గర దొరికింది. బూదికోట అవతల అతనికి టమాటా పొలం. సరుకు ఆటోలో కాయలు తెచ్చి మార్కెట్టులో దించి, ఖాళీ ఆటోతో తిరిగి పోతాడు. ఫిలోమినా టమాటాలు ఏరుకుంటూ సంగతి చెప్పగానే, తరాజు కింద పెట్టేశాడు.

"ఏమమ్మా, నిజమేనా? నేను మిమ్మల్ని, సైకిళ్ళను ఆటోలో ఏసుకొని పోతాను. మళ్ళా తెచ్చి దించుతాను. మా మామిడితోట కాడ దిగండి. ఆడినించి మేకలు పొయ్యే బాట. ఎడమకి పెద్ద బండ ఉండాది, ఏనుగు పండుకున్నట్ల. అది రాయే, బెదరొద్దండి. దాటినాక బాట మూడుగా చీలతాది. నడిబాట పట్టండి. ఇసకవాగు వస్తాది. ఆడికి చాలు. వాగు దాటేదానికి మాత్రం ఫారెస్టు గార్డు ఒప్పుకోడు."

"నిజం ఏనుగులు వస్తాయా అప్పా?"

"రాక? అవీ మీ మాదిరే ప్లాను ఏసుకొని వస్తాయి. రాగి కోతకొచ్చిందా, అరిటి గెల పండిందా, అన్నీ వాటికి తెలుసు. ఇప్పుడు గుంపు ఆంధ్రా పక్కకి పోయిందంట. ముందురోజు గార్డును అడిగి చెప్తాను. ఆయన వద్దంటే వద్దే."

రెండు గంటల తొక్కుడు. అంతే ప్లాను. దాన్ని రెండు గంటల తొక్కుడుగానే ఉంచడం ఫిలోమినా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి అయింది.

రైలు పెట్టెలో ప్రతివాడూ దానికి ఏదో ఒకటి తగిలించాడు. ఒకాయన పాముకాటు మందు అన్నాడు. ఒకామె పులిహోర అంది. పంచర్ కిట్టు, పంపు, నీళ్ళు, ఈల అని ఫిలోమినా నాలుగే చెప్పింది. వత్సల ప్రతిదానికీ రెండోది పెట్టుకుంది, ఈలతో సహా. ఏసురత్నం అయితే మూడో రోజుకల్లా తాడు, గడ్డపార, కార్బైడు దీపం వసారాలో పేర్చి, బిర్యానీ గిన్నెతో వెనకాలే టాక్సీలో వస్తామని ప్రకటించాడు.

"వెనకాల వస్తే తోలుకొచ్చేదానికి వచ్చినట్లే అవతాది అన్నా. వద్దు."

"బిర్యానీ ఇచ్చేసి పోతాము."

"బిర్యానీ నువ్వే తిను. నీ గని హెల్మెట్ మాత్రం ఇయ్యి."

హెల్మెట్ ఇచ్చాడు. దాని గడ్డంపట్టీ ఎప్పుడో చీకిపోయింది. ఫిలోమినా ఫ్యాక్టరీలో మిగిలిన ఎలాస్టిక్‌తో కొత్తది కుట్టుకుంది. కుట్టింది అదొక్కటే అయితే బాగుండేది. సైకిలు సీటు మీద పది నిమిషాలు కూర్చున్నాక, ఆ సీటును తయారుచేసినవాడికి మనుషులంటే గిట్టదని ఆమెకు తెలిసిపోయింది. ఎప్పుడో ఎగుమతి కోట్లకు వేసి మిగిలిన భుజాల మెత్తలు బీరువాలో ఉన్నాయి. వాటిని ప్యాంటుకు లోపల వెనకవైపు రెండు పక్కలా కుట్టింది. పనితనం విషయంలో ఆమెను ఎవరూ వేలెత్తి చూపలేరు. కానీ ఆ రోజు తొందర.

అభ్యాసానికి దిబ్బల దగ్గరికి వెళ్ళింది. గేరు ఎటు తిప్పితే బరువవుతుందో ఎటు తిప్పితే తేలికవుతుందో తెలియక, ఎక్కేటప్పుడు దిగే గేరు, దిగేటప్పుడు ఎక్కే గేరు వేస్తూ, చెమటలు కక్కుతూ తిరిగి వస్తుంటే చర్చి పాటల బృందం ఎదురైంది. ఆమె ఠీవిగా దిగింది. దిగేటప్పుడు ఎడమ మెత్త కుట్టు వదిలి, ప్యాంటులోంచి జారి మోకాలిదాకా వచ్చి ఆగింది. అందరూ దాన్నే చూశారు.

"మోకాలి గార్డు," అంది ఫిలోమినా. "ఫారిన్‌లో అందరూ ఏసుకుంటారు."

"ఒక్క కాలికేనా ఆంటీ?" అంది ఒక పిల్ల.

"పడేది ఎడమకే కదా!" అని సైకిలు తోసుకుంటూ, మెత్త ఇంకా కిందికి జారకుండా బిగబట్టి నడుస్తూ ఇల్లు చేరింది.

ఇదంతా చూశాక ఏసురత్నం ఒకే ఒక్క షరతు పెట్టాడు. బోర్డు షరతు.

ఆ ఇంటి ముందు తలుపు పక్కన ఒక చెక్క పలక ఉంది. దానికి రెండు వరసల మేకులు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉండేది. దిగేముందు దాన్ని ఒకవైపు తగిలించాలి, పైకి రాగానే తీసి రెండోవైపుకు మార్చాలి. షిఫ్టు అయ్యాక కూడా బిళ్ళ మారకపోతే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. ఇక వెతకడానికి మనుషులు దిగుతారు. వాళ్ళ నాన్న తిమోతి ఆ పద్ధతిని ఇంటికి తెచ్చాడు. ఇంట్లో ఉంటే బిళ్ళ ఎడమ మేకుకు, బయటికి పోతే కుడి మేకుకు. గనులు మూసేశాక ఏసురత్నం దాన్ని మరింత గట్టిగా పట్టుకున్నాడు. పాలు తేవడానికి పోయినా బిళ్ళ మార్చి పోతాడు. తనకు మిగిలిన గని అదొక్కటే మరి.

"ఆయుధపూజ నాడు కదా పోతావు? మధ్యాన్నం చర్చి గంట కొట్టేలోపల నీ బిళ్ళ ఎడమకి రావాల. రాలేదా, నేనూ అల్లుడూ బయల్దేరతాము. అప్పుడు సైకిలు ఆయనదే."

"రాసిపెట్టుకో. గంటకు ముందే వస్తాను," అంది ఫిలోమినా.

ఆయుధపూజ నాడు పొద్దున్నే గార్డు సరేనన్నాడని చిక్కవెంకటప్ప ఫోను చేశాడు. ఫిలోమినా బిళ్ళ కుడి మేకుకు మార్చి, హెల్మెట్ పెట్టుకుని బయల్దేరింది. వత్సల ఇంటి ముందు ఆటో ఎక్కబోతూ ఆగిపోయింది. సుధీంద్ర రెండు సైకిళ్ళనూ వదిలిపెట్టలేదు. పండగనాడు బండికి పూజ చేయకుండా పంపడమా? పసుపు, కుంకుమ, చామంతి దండ, చక్రాల కింద నిమ్మకాయలు, హ్యాండిలుకు అటొకటి ఇటొకటి అరటి పిలకలు. ఫిలోమినా సైకిలుకూ అంతే మర్యాద. ఆమె క్యాథలిక్కు కదా అని అడిగితే, సైకిలు ఏ మతమో ఎవరికి తెలుసు అన్నాడాయన. ఫిలోమినా శిలువ గుర్తు వేసుకుని నిమ్మకాయ తొక్కించింది.

మామిడితోట దగ్గర ఆటో ఆపి వెనక్కి తిరిగినప్పుడే చిక్కవెంకటప్ప ఆ అరటి పిలకలను సరిగ్గా చూశాడు. నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏనుగుల అడవికి అరిట్లు కట్టుకొని పోతారామ్మా? పెళ్ళికి పిల్చేదానికా?"

"సాయంత్రందాకా తియ్యకూడదని మా ఆయన చెప్పినారు," అంది వత్సల బిక్కమొహంతో.

"మీ ఆయన్ని పిలిపించండి, ఆయన్నే కట్టి పంపిద్దాము."

పిలకలు ఊడదీసి గట్టు పక్కన మేస్తున్న తన బర్రెలకు వేశాడు. అవి పండగ భోజనం దొరికిన సంబరంతో వేర్లతో సహా నమిలేసి, ఇంకా ఉన్నాయా అన్నట్టు ఇటే చూశాయి.

బాట మొదలైంది. మొదటి మలుపులోనే వత్సల పడింది. మెల్లగా, ఒక పక్కకు ఒరిగి, మర్యాదగా. రెండో మలుపులో ఫిలోమినా పడింది. తర్వాత ఎవరు ఎన్నిసార్లు పడ్డారో ఇద్దరూ లెక్కపెట్టుకోలేదు, ఒకరికొకరు చెప్పుకోలేదు. పండుకున్న ఏనుగులాంటి బండను దాటారు. నిజంగానే తొండం, చెవి అన్నీ ఉన్నాయి. బాట మూడుగా చీలినచోట నడిబాట పట్టారు. దారి పొడవునా ఎక్కుడు వచ్చినచోటల్లా దిగి తోశారు. రాళ్ళ మధ్య మోశారు. అడవికి వాళ్ళను గురించి పట్టింపేమీ లేదు. ఒక నెమలి మాత్రం ఫిలోమినా హెల్మెట్‌ను అనుమానంగా చూసి పక్కకు తప్పుకుంది.

ఇసకవాగు కనబడే ముందు ఒక దిగుడు వచ్చింది. పెద్దదేం కాదు. ఫిలోమినా దాని పైన ఆగింది.

"దిగి నడిపిద్దాం అక్కా," అంది వత్సల.

"నలబై ఏండ్లు నడిపించినా కదే!"

బ్రేకుల మీదినుంచి వేళ్ళు తీసేసింది. చెట్లు రెండు పక్కలా పరుగెత్తాయి. కళ్ళజోడు ముక్కు మీద ఎగిరెగిరి పడింది, ఎలాస్టిక్ గడ్డాన్ని కోసింది, నోట్లోంచి ఒక కేక వచ్చింది. అది భయమో సంతోషమో ఆమె తేల్చుకునేలోపే ముందుచక్రం ఇసకలో కూరుకుపోయి, ఆమె హ్యాండిలు మీదుగా వాగులో కూర్చుంది. లోతు చీలమండదాకా. వత్సల "నరసింహా, నరసింహా" అంటూ కళ్ళు మూసుకుని అదే దిగుడు దిగి, వచ్చి ఆమె పక్కనే కూర్చుంది.

ఇద్దరూ చాలాసేపు నవ్వారు. వత్సల పులిహోర తీసింది. తెచ్చిందని అప్పటిదాకా చెప్పలేదు.

తిరుగుదారిలో ఒక ముళ్ళకంప ఫిలోమినా ప్యాంటును వెనకనుంచి పట్టుకుంది. ఆమె ముందుకు వచ్చింది, ప్యాంటులో ఒక పెద్ద ముక్క రాలేదు. భుజాల మెత్తల్లో ఒకటి లోకానికి కనిపిస్తోంది. ఆటోలో ఆమె టమాటా పెట్టె మీద గట్టిగా కూర్చుని, ఆటో పక్కకు వీపు ఆనించి వచ్చింది.

ఇక్కడే పొరపాటు జరిగింది. చర్చి గంటకు చాలా ముందే ఆమె ఇల్లు చేరింది. కానీ వీధిలో పండగ జనం. పాటల బృందంలోని ఆ పిల్ల కూడా పంపు దగ్గరే నిలబడి ఉంది. ఈ వెనకభాగంతో ముందు తలుపులోంచి పోవడమా? చచ్చినా పోదు. ఫిలోమినా వెనక సందులోంచి, గోడకు వీపు రాసుకుంటూ పెరట్లోకి పోయి, సైకిలును బావిగట్టుకు ఆనించి, వెనక తలుపులోంచి లోపలికి వెళ్ళింది. స్నానం చేసింది. అయిదు నిమిషాలు నడుం వాల్చుదామని వెనక గదిలో పడుకుంది. ముందు తలుపు పక్కన ఆమె బిళ్ళ కుడి మేకుకే వేలాడుతోంది.

గంట కొట్టగానే ఏసురత్నం టాక్సీ స్టాండు నుంచి పూజ ప్రసాదం చేత్తో పట్టుకునే ఇంటికి వచ్చాడు. బోర్డు చూశాడు. బిళ్ళ కుడివైపే ఉంది. ముందుగదిలోనే కుండలోంచి నీళ్ళు తాగాడు. వెనకగది తలుపు రెండడుగుల దూరంలో ఉంది. అందులోంచి గురక కూడా వినిపిస్తూ ఉండి ఉంటుంది. కానీ ముప్పై ఏళ్ళు బోర్డు చెప్పిందే నిజమని బతికిన మనిషి ఇంట్లో తొంగి చూస్తాడా? కుడివైపు ఉంటే మనిషి లోపల చిక్కుకున్నట్టే. తాడు, గడ్డపార పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు.

"అల్లుడూ, బండి తియ్యి! ఫిలో రాలేదు!"

ఎదురింటి నారాయణమ్మ పెరట్లో సైకిలు చూసి లోపలికి వచ్చి ఫిలోమినాను కుదిపి లేపేసరికి వాళ్ళు పోయి చాలాసేపయింది.

"అయ్యో, నువ్వు ఈడే ఉండావా! మీ అన్న నిన్ను తోలుకొచ్చేదానికి అడవికి పోయినాడే! వీదంతా ఏడస్తా ఉంది. మా ఇంట్లో పొయ్యి కూడా ఎలిగించలేదు."

ఫిలోమినా లేచి కూర్చుంది. మొదట నవ్వు వచ్చింది. తర్వాత రెండు సంగతులు ఒకేసారి తట్టాయి. ఒకటి, అన్న ఊపిరితిత్తుల్లో సగం గని దుమ్మే. ఎక్కుడు ఎక్కితే ఈలలాంటి శబ్దం వస్తుంది. రెండు, గాడ్విన్ ఊళ్ళోకి తిరిగి వచ్చి, అత్తను తోలుకురావడానికి పోయాం అంటే వీధి మొత్తం సాక్షి. సైకిలు పోయినట్టే. ఫోను చేస్తే ఇద్దరివీ అందలేదు.

వత్సలకు చేసింది.

"జోడీ, మళ్ళా దిగాల."

"అక్కా, నేను బోర్లా పండుకొని ఉండాను. కూర్చునేదానికి లేదు."

"నిలబడి తొక్కు. చిక్కవెంకటప్ప ఇంకా మార్కెట్లోనే ఉండాడు, ఆపమని చెప్పినాను."

మామిడితోట దగ్గర టాక్సీ లేదు. దాని చక్రాల జాడ మాత్రం మేకల బాటలోకి పోయి ఉంది. ఆటో అక్కడే ఆపుకున్నాడు చిక్కవెంకటప్ప. "దీంట్లో ఎట్ల దూరినాడమ్మా మీ అల్లుడు? బర్రెలు కూడా కనపడలేదే," అంటూ కర్ర పట్టుకుని వెనక నడిచాడు. ఫిలోమినా, వత్సల తొక్కారు. ఈసారి గేరు ఎటు తిప్పాలో ఫిలోమినా చేతికే తెలిసింది. పొద్దున దిగి తోసిన ఎక్కుడులో సగం దిగకుండానే ఎక్కింది.

మలుపు తిరగగానే టాక్సీ కనబడింది. ఇసకలో వెనకచక్రాలు పాతుకుపోయి ఉన్నాయి. ముందు బంపరుకు స్టాండులో అందరితో పాటు గాడ్విన్ కట్టించుకున్న అరటి పిలకలు, పొద్దుటివాటికి రెండింతలు పెద్దవి, సగమే మిగిలాయి. చుట్టూ చిక్కవెంకటప్ప బర్రెలు తీరుబడిగా నములుతున్నాయి. రుచి మరిగిన గొడ్లు మామిడితోట నుంచి బండి వెనకాలే నడిచి వచ్చినట్టున్నాయి.

పైన, పండుకున్న ఏనుగులాంటి బండ మీద, సరిగ్గా దాని వీపు మీద, మామా అల్లుడూ ఒకరినొకరు పట్టుకుని కూర్చుని ఉన్నారు.

"అత్తా! రావద్దు! ఏనుగు ఉండాది! పొదలో నముల్తా ఉండాది!" గుసగుసగా అరిచాడు గాడ్విన్.

ఫిలోమినా సైకిలు దిగలేదు. ఒక కాలు నేలకు ఆనించి, పొదను చూసింది, బండను చూసింది.

"ఎన్ని ఉండాయప్పా?"

"గుంపే ఉండాది!"

"దాంట్లో ఒకదానికి మెడలో గంట ఉండాది, చూసినావా?"

గాడ్విన్ మెడ సాచి చూశాడు. చిక్కవెంకటప్ప "ఏయ్, బా!" అని అదిలించగానే గుంపు మొత్తం పొదలోంచి బయటికి వచ్చి, తోకలు ఊపుకుంటూ అతని వెనకాల నిలబడింది. బండ మీద మామా అల్లుడూ ఒకరినొకరు వదిలిపెట్టారు.

ఏసురత్నం మాత్రం బర్రెలను చూడలేదు. చెల్లెల్నే చూస్తున్నాడు. గొంతులో ఈల మోగుతోంది.

"ఫిలో, యాడుండావు మే? బిళ్ళ కుడివైపే ఉన్నింది."

"ఇంట్లో పండుకొని ఉన్నాను. గంటకు ముందే వచ్చినాను."

"మరి బిళ్ళ?"

"ముందునించి రాలేదు. ప్యాంటు చిరిగింది. ఎనకనించి వచ్చినాను. గంటకు ముందే వచ్చినానా లేదా, చిక్కవెంకటప్పను అడుగు."

"వచ్చిందప్పా," అన్నాడు చిక్కవెంకటప్ప. "నేనే దించినాను."

వత్సల చెయ్యి అందించి ఏసురత్నాన్ని దింపింది. నీళ్ళు తాగించింది. రెండో సీసా కూడా ఉంది మరి. గాడ్విన్ తనంతట తానే జారి దిగాడు. దిగుతూనే మామ చెవిలో అన్నాడు, అందరికీ వినబడేలా.

"మామా, ఏదైనా గానీ, మనం తోలుకొచ్చేదానికి వచ్చినాము కదా. మాట ప్రకారం..."

ఫిలోమినా హెల్మెట్ తీసి హ్యాండిలుకు తగిలించింది.

"చెప్పు అన్నా. మాట నీ ముందరే అనుకునింది. నేను అడవిలోకి పోయినాను, నా కాళ్ళతో ఇంటికొచ్చినాను. ఇప్పుడు రెండోసారి వచ్చినాను. ఈడ ఎవురు ఎవుర్ని తోలుకొని పోతా ఉండారు? నువ్వే చెప్పు. అల్లుడికే ఇయ్యాలంటే ఇప్పుడే ఇచ్చేస్తాను. ఆయన తొక్కుకుంటా రానీ, మనం ఎనకాల బర్రెలతో వస్తాము."

ఏసురత్నం సైకిలును చూశాడు. చక్రాలకు ఇసక, చువ్వలకు గడ్డి, సీటుకు ముల్లు. అల్లుడి టాక్సీని చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"అల్లుడూ, సైకిలు దానిది. ఇంగ ఆ మాట ఎత్తొద్దు. ఊర్లో ఎవురైనా అడిగితే, ఫిలో వచ్చి మమ్మల్ని తోలుకొచ్చిందని చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. బండ సంగతి కూడా చెప్తాను."

"బండ సంగతి వద్దు మామా."

"అయితే మొదటిది సరిగ్గా చెప్పు."

టాక్సీని లాగడానికి ఊళ్ళోంచి ట్రాక్టరు తెప్పిస్తానని చిక్కవెంకటప్ప గాడ్విన్‌ను తీసుకుని ముందు నడిచాడు. వెళ్తూ మిగిలిన అరటి పిలకలు కూడా బర్రెలకే వేసేయమన్నాడు. మిగతావాళ్ళు మెల్లగా బయల్దేరారు. ఫిలోమినా సైకిలు తొక్కలేదు. అన్న పక్కన నడిపించింది. ఏసురత్నం ఎక్కుడు వచ్చినచోట అడగకుండానే సీటు మీద చెయ్యి ఆనించుకున్నాడు. ఆమె చూసీ చూడనట్టు అతని అడుగుకు తన అడుగు కలిపింది. వత్సల నిలబడే తొక్కుతూ ముందు పోయింది.

"నడిబాట వాగుతో ఆగిపోతాదంటే, మిగిలిన రెండు బాటలు యాడికి పోతాయి?" అన్నాడు ఏసురత్నం కాసేపటికి.

"తెలీదు. కుడిబాట ఏదో పాత కోటగోడ దగ్గరికి పోతాదంట. వచ్చే ఆదివారం చర్చిలో మాస్ అయినాక పోతాము."

"వచ్చే ఆదివారమా? మళ్ళానా? ఒళ్ళు కుదటపడద్దా? ఎవుర్ని అడిగి..."

"అడగలేదన్నా," అంది ఫిలోమినా. "చెప్తా ఉండాను."

  పది అడుగులు నడిచాక ఏసురత్నం, ఆ ప్యాంటుకు వెనకాల కొంచెం గట్టి గుడ్డ వేసి కుట్టుకోమన్నాడు.